మాట్లాడే రోబోలు చేస్తానంటోంది, ఏ బ్రాంచి ఇప్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ముసలివాళ్లతో, పిల్లలతో కబుర్లు చెప్పే రోబోలు తయారుచేస్తానంటోంది. రోబోటిక్స్ బ్రాంచే కావాలని పట్టుబట్టింది. ఉద్యోగాలు ఉంటాయో లేదోనని మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ భయం అర్థమైందమ్మా, అందులో నిజం కూడా ఉంది. అమెరికాలో పిల్లల కోసం మోక్సీ అనే రోబో చేసిన ఎంబాడీడ్ కంపెనీ, పెట్టుబడి దొరకక మూసేస్తున్నామని 2024 డిసెంబరులో ప్రకటించింది. ఆ రోబో మాటలు ఇంటర్నెట్‌లోని లాంగ్వేజ్ మోడల్ (అడిగినదానికి మాటలు అల్లి జవాబిచ్చే ఏఐ ప్రోగ్రాం) నుంచి వచ్చేవి. సర్వర్లు ఆగితే ఇంట్లో ఉన్న రోబో కూడా మూగబోతుంది. జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ వాళ్ల పెప్పర్ అనే మాట్లాడే రోబో ఎంత పేరు తెచ్చుకున్నా, 2020లో దాని తయారీ ఆగిపోయింది. కాబట్టి ఈ ఒక్క రంగాన్నే నమ్ముకుని బ్రాంచి ఎంచుకోవద్దు.

అయితే మీ అమ్మాయి ఇష్టపడుతున్న పనికి మాత్రం విలువ ఉంది. ఒకప్పుడు ఇలాంటి రోబోల మాటలు చాలావరకు ముందే రాసిపెట్టినవి. ఇప్పుడు మాటలు లాంగ్వేజ్ మోడల్ ఇస్తోంది. కష్టమంతా మిగతాచోట్ల ఉంది. మనుషుల్లో ఒకరు మాట ఆపితే ఇంకొకరు సగటున సెకనులో ఐదోవంతులోనే అందుకుంటారు. రోబో మాత్రం విన్నదాన్ని అక్షరాల్లోకి మార్చాలి, మోడల్‌కు పంపాలి, వచ్చిన జవాబును గొంతుగా మార్చాలి. ఈలోగా ఎదుటి మనిషికి విసుగు పుడుతుంది. తాతగారు ఏదో గుర్తు తెచ్చుకుంటూ కాస్త ఆగితే, మాట అయిపోయిందనుకుని మధ్యలో దూరుతుంది. పక్కన టీవీ మోగుతుంటే ఎవరి మాట వినాలో తెలియదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది, తెలియని విషయాన్ని కూడా మోడల్ ధీమాగా చెప్పేయడం. "పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానా?" అని అడిగిన అమ్మమ్మకు తప్పు జవాబు వస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఈ చిక్కులు విప్పడం నేర్చుకున్నవాళ్లు కార్లలో, ఆసుపత్రుల్లో, కస్టమర్ కేర్‌లో వాయిస్ సిస్టమ్‌లకూ పనికొస్తారు. రోబో కంపెనీ మూతపడినా ఆ చదువు వృథా కాదు.

ఇక బ్రాంచి. సీఎస్ఈ అయినా ఈసీఈ అయినా సరిపోతుంది. మైకులు, సర్క్యూట్ల మీద చేయి పెట్టడం ఇష్టమైతే నేను ఈసీఈ వైపే మొగ్గుతాను. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), ఆర్ఓఎస్ (రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్) తానే నేర్చుకోవచ్చు. పైచదువులకు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకోండి. అక్కడ రోబోటిక్స్‌కూ, భారతీయ భాషల టెక్నాలజీకీ పరిశోధన కేంద్రాలున్నాయి.

పరీక్షలయ్యాక ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), మైకు, స్పీకరు కొనివ్వండి. తెలుగు మాటను గుర్తించే మోడళ్లను ఐఐటీ మద్రాసులోని ఏఐఫర్‌భారత్ అనే పరిశోధన బృందం ఉచితంగా ఇస్తోంది. వాటితో చిన్న పలకరింపు యంత్రం చేసి, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటే వాళ్లతో మాట్లాడించమనండి. ఎక్కడ అడ్డుపడింది, ఏ మాట తప్పుగా విన్నది, ఎందుకు అన్నది నోట్‌బుక్‌లో రాయమనండి. సర్టిఫికెట్ కోర్సుల కంటే ఆ నోట్‌బుక్‌కే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ముందు కాలేజీ ల్యాబులు, అధ్యాపకులు ఎలా ఉన్నారో చూసి, తర్వాతే బ్రాంచి పేరు చూడండి.