మీ కారు, మీ సందేహం: తాళం దగ్గర్నుంచి బీప్ బీప్ దాకా

ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా రెండు విషయాల మీదే, ఒకటి బండి స్టార్ట్ చేయడం, రెండోది వెనక పార్కింగ్ సెన్సార్లు. డెలివరీ రోజు షోరూంలో దండ వేయించి కొబ్బరికాయ కొట్టించి ఫోటో తీసి తాళం చేతిలో పెడతారు గానీ ఈ రెండూ పక్కన కూర్చుని చూపించే ఓపిక చాలా చోట్ల ఉండదు, అందుకే ఈసారి పేజీ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: సార్, ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారు కొన్నా, మామూలు తాళమే. ఒక్కోసారి తాళం పెడితే అస్సలు తిరగట్లేదు, స్టీరింగ్ కూడా బిగుసుకుపోతోంది. మెకానిక్ లాక్ సెట్ మొత్తం మార్చాలి అంటున్నాడు. మార్పించమంటారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆగండి, ఇప్పుడే డబ్బులు పెట్టకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది స్టీరింగ్ లాక్, దొంగలు బండి తీసుకెళ్ళకుండా కంపెనీయే పెట్టింది. తాళం తీశాక స్టీరింగ్ కొంచెం కదిలితే లోపల ఒక పిన్ను పడి బిగిసిపోతుంది, చక్రాలు పక్కకి తిరిగి ఉండగా బండి ఆపితే ఆ పిన్ను మీద బలం పడి తాళాన్ని కూడా తిరగనివ్వదు. ఎడమ చేత్తో స్టీరింగ్‌ని ఎటువైపు కాస్త ఆడుతుందో అటు మెల్లగా పట్టి ఉంచి, అదే టైంలో కుడి చేత్తో తాళం తిప్పండి, వదిలేస్తుంది. అలా చేసినా తిరక్కపోతే రెండో తాళం పెట్టి చూడండి, దాంతో తిరిగితే మీ తాళం పళ్ళు అరిగాయన్నమాట, కొత్త తాళం చేయించుకుంటే చాలు, లాక్ జోలికి పోనక్కర్లేదు.

పనిలో పనిగా ఇంకోటి. తాళానికి నాలుగు స్థానాలు ఉంటాయి కదా, లాక్, ఏసీసీ (ఇంజన్ లేకుండా పాటల్లాంటివి మాత్రమే పనిచేసే స్థానం), ఆన్, స్టార్ట్. చాలామంది పెట్టగానే ఒకే ఊపులో చివరిదాకా తిప్పేస్తారు. ఆన్ దగ్గర రెండు మూడు సెకన్లు ఆగండి, పెట్రోల్ పంపు ఇంజన్‌కి పెట్రోల్ పంపేది అప్పుడే, డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగి బండి తనని తాను చెక్ చేసుకునేది కూడా అప్పుడే. డీజిల్ అయితే స్ప్రింగు బొమ్మ లైటు ఆరేదాకా ఆగాలి. స్టార్ట్ చేసేటప్పుడు ఐదారు సెకన్లకి అందుకోకపోతే వదిలేసి ఓ అర నిమిషం ఆగి మళ్ళీ తిప్పండి, అదేపనిగా తిప్పుతూ కూర్చుంటే బ్యాటరీతో పాటు స్టార్టర్ మోటారూ పోతుంది.

ఘాట్ రోడ్ల సంగతి కూడా చెప్పాలి. శ్రీశైలం, తిరుమల ఘాట్లు దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి వద్దు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకుకి సాయం చేసే వ్యాక్యూమ్ కూడా నాలుగైదు సార్లు తొక్కేసరికి అయిపోయి పెడల్ రాయిలా అయిపోతుంది, తాళం లాక్ దాకా తిప్పి లాగేస్తే స్టీరింగ్ కూడా బిగుసుకుపోవచ్చు. అదీగాక ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో, అంటే ఎంత పెట్రోల్ పంపాలో కంప్యూటరే చూసుకునే బండ్లలో, గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్ తనంతట తనే పెట్రోల్ ఆపేస్తుంది, కాబట్టి మిగిలేదంటూ ఏమీ లేదు.

ప్రశ్న: మాది బటన్ స్టార్ట్ కారండి. మావారిని విజయవాడ స్టేషన్‌లో దింపి తిరిగొస్తూ పెట్రోల్ బంకులో ఇంజన్ ఆపాను, ఇక స్టార్ట్ అవ్వలేదు. తాళం ఆయన జేబులో ఉండిపోయిందట, అప్పటికే రైలు ఎక్కేశారు. తాళం లేకుండా అంత దూరం బండి ఎలా నడిచింది, పెట్రోల్ బంకులో ఎందుకు ఆగిపోయింది? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీకు జరిగింది చాలా ఇళ్ళల్లో జరుగుతోంది, మీ తప్పేం లేదు. ఈ కార్లు తాళం లోపల ఉందా లేదా అని స్టార్ట్ చేసే ముందు చూస్తాయి, ఒకసారి స్టార్ట్ అయ్యాక తాళం కనపడకపోయినా ఇంజన్ ఆపవు. కారణం ఉంది, హైవే మీద వంద స్పీడులో వెళ్తుంటే తాళంలో బ్యాటరీ అయిపోయిందనుకోండి, అప్పుడు ఇంజన్ ఆగిపోతే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే బీప్ కొట్టి, డ్యాష్‌బోర్డు మీద తాళం లేదని చూపించి ఊరుకుంటాయి. ఆ బీప్ స్టేషన్ ముందు హారన్లలో, ఆటోల గోలలో ఎవరికి వినపడుతుంది. ఇంక ఆపిన తర్వాత మళ్ళీ స్టార్ట్ చేయాలంటే తాళం కావాల్సిందే, ఇంకో దారి లేదు. అందుకని డ్రైవర్ మారే ప్రతిసారీ తాళం చేతులు మారిందా లేదా చూసుకోండి, రెండో తాళం బీరువాలో దాచకుండా రోజూ బండి నడిపే ఇంకొకరి దగ్గర ఉంచండి.

ఇదే ఇంకోరకంగా చాలా ప్రమాదం. ఇంజన్ చప్పుడు తెలియనంత మెత్తగా ఉంటున్నాయి ఇప్పటి బండ్లు, ఆపేశామనుకుని తాళం జేబులో వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోతారు, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. షట్టర్ వేసిన గ్యారేజీలో అలా జరిగితే కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, ఇల్లు గ్యారేజీకి ఆనుకుని ఉంటే లోపలికీ వస్తుంది. దిగే ముందు బటన్ నొక్కి డ్యాష్‌బోర్డు ఆరిందో లేదో చూసి దిగండి.

ఇక తాళం చేతిలోనే ఉండి బండి గుర్తుపట్టకపోతే, అది తాళంలో ఉండే బిళ్ళ బ్యాటరీ సంగతి, ఎక్కువ కార్లలో సీఆర్ 2032 అనే మూడు వోల్టులది వస్తుంది. అప్పటికప్పుడు చాలా కార్లలో బ్రేకు తొక్కి, మాన్యువల్ అయితే క్లచ్ తొక్కి, తాళాన్నే స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే తాళంలో ఇంకో చిప్పు ఉంటుంది, దానికి బ్యాటరీతో పని లేదు. కొన్ని మోడళ్ళలో తాళం పెట్టే చోటు వేరేగా ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉంటుంది చూసుకోండి. డోర్ తెరవడానికి తాళం లోపలే ఒక ఇనప తాళం ఇరికించి ఉంటుంది.

ప్రశ్న: బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కితే లైట్లు వెలుగుతున్నాయి కానీ స్టార్ట్ అవ్వట్లేదు, రిపేరా? – నల్గొండ

జవాబు: రిపేరు కాదు. బ్రేకో క్లచ్చో తొక్కకపోతే మొదటి నొక్కుకి ఏసీసీ, రెండో నొక్కుకి ఆన్, మూడో నొక్కుకి ఆఫ్, ఎక్కువ కార్లలో ఇంతే. ఆన్‌లో వదిలేసి పాటలు వింటూ గంట కూర్చుంటే మాత్రం బ్యాటరీ దిగిపోతుంది.

ప్రశ్న: నాది 2020 మోడల్ కారు. వెనక సెన్సార్లు ఉన్నాయి, గోడ వస్తే బాగానే కొడతాయి. కానీ మొన్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సన్న ఇనప పైపుకి గుద్దేశాను, ఒక్క బీప్ కూడా రాలేదు. సెన్సార్ పోయినట్టా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పోయి ఉండకపోవచ్చు, అది చూడగలిగింది అంతే. ముందు అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ నమ్మాలో ఎక్కడ నమ్మకూడదో మీకే తెలుస్తుంది. బంపర్‌లో రూపాయి బిళ్ళంత గుండ్రంగా కనపడేవే సెన్సార్లు, మన చెవికి వినపడని శబ్దాన్ని వెనక్కి వదులుతాయి. నూతిలోకి అరిస్తే మన గొంతు మనకే తిరిగి వినపడుతుంది కదా, అలాగే ఆ శబ్దం దేనికైనా తగిలి తిరిగొస్తే ఎంత సేపట్లో వచ్చిందో లెక్కేసి దూరం చెప్తాయి. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి మీటరు దూరంలో ఉన్న గోడ నుంచి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఓ ఆరు పడుతుంది.

ఇప్పుడు మీ పైపు సంగతి. పైపు సన్నగా గుండ్రంగా ఉంటుంది, తగిలిన శబ్దం అన్ని పక్కలకీ చెదిరిపోయి సెన్సార్ దాకా తిరిగొచ్చేది చాలా తక్కువ. తాళ్ళు, గొలుసులు, ముళ్ళకంచె, తీగలు ఇవన్నీ ఈ లెక్కలోవే. దూది మూటలు, పరుపులు, ఆరేసిన దుప్పట్లు లాంటి మెత్తటివి శబ్దాన్ని మింగేస్తాయి. ఏటవాలుగా ఉన్నవాటికి తగిలితే వేరే వైపుకి పోతుంది. బంపర్ కంటే కింద ఉండే రాయి, ఫుట్‌పాత్ అంచు, మొదట దూరంగా ఉన్నప్పుడు కనపడి దగ్గరికి వచ్చాక సెన్సార్ కిందకి వెళ్ళి మాయమైపోవచ్చు, బీప్ ఆగింది కదా దారి ఖాళీ అనుకుంటాం మనం. మూత లేని డ్రైనేజీ, గుంట అసలు తెలియవు, ఎందుకంటే తిరిగి రావడానికి అక్కడ ఎదురేమీ లేదు. లారీ వెనక చాచి ఉన్న ఇనప ఊచలు, ఎత్తులో ఉన్న లారీ బాడీ కూడా అంతే, సెన్సార్ ఉండే ఎత్తులో ఏమీ లేదు కాబట్టి అది ఖాళీ అనుకుంటుంది, పైన మన డిక్కీ అద్దం పగులుతుంది. ఇంకా చిన్న కార్లలో రెండే సెన్సార్లు ఇస్తారు, మధ్యలోనో చివర్లలోనో సందులు మిగిలిపోతాయి. మీ బంపర్‌కి ఎన్ని ఉన్నాయో ఈరోజే దిగి చూడండి.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకి వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, 80 దాటితే కొట్టే స్పీడ్ అలారం, సీట్ బెల్ట్ బీప్ కూడా అప్పుడు వచ్చినవే. మంచి పనే, కానీ సెన్సార్ పెట్టమన్నారు గానీ దాని హద్దులేంటో కొన్నవాళ్ళకి చెప్పాలి కదా, అది జరగట్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి కారు కొన్నాడు. ఇంటి ముందు చిన్న ఖాళీ స్థలం, మనవళ్ళు అక్కడే ఆడుకుంటారు. వాడు రివర్స్ చేస్తుంటే నాకు గుండె దడ. సెన్సార్ ఉంది కదమ్మా, భయం దేనికి అంటాడు. నిజంగా భయపడక్కర్లేదా? – ఒక పెద్దావిడ, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీ భయం నూటికి నూరుపాళ్ళు న్యాయం, మీ అబ్బాయికి ఈ పేజీ తీసి చదివి వినిపించండి. బాబూ, ఒక లెక్క చూడు. సెన్సార్ దాదాపు మీటరున్నర దూరం నుంచి కొట్టడం మొదలుపెడుతుంది. గంటకి 5 కిలోమీటర్లు అంటే మనిషి నడిచే వేగం, ఆ వేగంలో రివర్స్ చేసినా మీటరున్నర దాటడానికి ఒక్క సెకను పడుతుంది. బీప్ విని, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదకి పోయేసరికే ఆ సెకను అయిపోతుంది. అదీ సెన్సార్ చూస్తే. కింద కూర్చుని ఆడుకునే పిల్లాడు, పక్కనుంచి బంతి కోసం పరిగెత్తుకొచ్చే పిల్ల దానికి సరిగ్గా అందకపోవచ్చు, అద్దాల్లో అయితే అసలు కనపడరు.

అమెరికాలో 2002లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఒక పిల్లల డాక్టర్ సొంత ఇంటి ముందు బండి రివర్స్ చేస్తుంటే రెండేళ్ళ కొడుకు వెనక ఉన్నాడు, ఆయనకి కనపడలేదు, పిల్లాడు పోయాడు. ఆ తండ్రి ఏళ్ళ తరబడి పోరాడితే ఆ పిల్లాడి పేరు మీదే 2008లో చట్టం వచ్చింది, దాని వల్లే 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయ్యింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల కార్లలో రివర్స్ వేయగానే స్క్రీన్ మీద బొమ్మ వస్తుందే, అది ఆ తండ్రి కడుపుకోత నుంచి వచ్చింది.

మీ అబ్బాయి చేయాల్సింది, ఎక్కే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి రావడం, పిల్లలందర్నీ గుమ్మంలో మీ పక్కన నిలబెట్టి మీరు వాళ్ళ చేతులు పట్టుకున్నాక రివర్స్ వేయడం, పాటలు ఆపి అద్దం దించడం. వెనక నిలబడి రా రా అని చెయ్యి ఊపే మనిషి కూడా బండికి సూటిగా వెనక కాకుండా పక్కన, డ్రైవర్ అద్దంలో కనపడేలా నిలబడాలి. వీలైతే వచ్చేటప్పుడే రివర్స్‌లో లోపల పెట్టుకుంటే పొద్దున్నే ముందుకి చూసుకుంటూ బయటికి రావచ్చు, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే మంచిది. కెమెరా లేకపోతే బయట షాపులో పెట్టించుకోవచ్చు, ఆ ఖర్చుకి వెనకాడొద్దని చెప్పండి.

ప్రశ్న: వెనక ఏమీ లేకపోయినా నా సెన్సార్ ఆపకుండా కొడుతోంది. – కరీంనగర్

జవాబు: ముందు తడి మెత్తటి గుడ్డతో తుడవండి, బురద, ఆరిపోయిన నీటి చుక్కలు, పసుపు కుంకుమ బొట్లు కూడా చాలు దాన్ని గందరగోళ పెట్టడానికి. బంపర్ గార్డో, సైకిల్ స్టాండో తగిలించారా చూడండి, వాటినే అడ్డం అనుకుంటుంది. సెల్లార్ ర్యాంపు మీద కొడితే అది నేల, కంగారు పడక్కర్లేదు. పక్కన లారీ ఎయిర్ బ్రేకు బుస్సుమన్నా, జోరు వాన పడుతున్నా అలాగే కొట్టొచ్చు. బంపర్‌కి పెయింట్ వేయించిన తర్వాత మొదలైతే సెన్సార్ మీద రంగు మందంగా పడి ఉంటుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు సెన్సార్ దగ్గరగా పెట్టనివ్వకండి.

ఇవేవీ కాకపోతే ఇలా చూడండి. సమతలం మీద బండి ఆపి హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి రివర్స్ గేరు వేయండి, ఇంకొకరు వెనక ఒక్కో సెన్సార్ మీద వేలు ఆనించి చూడాలి. పనిచేసేది సన్నగా టిక్ టిక్ అని కొట్టుకుంటుంది, పోయింది నిశ్శబ్దంగా ఉంటుంది. పోయిన ఒక్కదాన్ని మార్చితే సరిపోతుంది, సెట్ మొత్తం మార్చాలంటే ఎందుకో అడగండి. అన్నీ ఒకేసారి ఆగిపోతే మాత్రం వైరు చూపించండి, సెల్లార్‌లో పెట్టే బండ్లకి ఎలుకలు కొరకడం మామూలే.