బొమ్మలు గీయడమేనా డిజైనింగ్ అంటే?

ప్రశ్న: మా అబ్బాయి కూకట్‌పల్లిలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, యూఎక్స్ డిజైనర్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి సులువుగా ఉండేలా రూపొందించేవాడు) అవుతానంటున్నాడు. బొమ్మలు గీసుకుని ఎలా బతుకుతాడని మా వారు కోప్పడుతున్నారు. మొన్న వాళ్ల నాయనమ్మ ఫోన్లో కరెంటు బిల్లు కట్టబోయి ఎక్కడెక్కడ తడబడిందో కాగితం మీద రాసుకున్నాడు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు ఉందట, చేర్పించమంటారా? – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు యథాలాపంగా రాసిన ఆ కాగితం సంగతితోనే మొదలుపెడతాను. నాయనమ్మకు ఫోను వాడడం రాకపోతే ఆ పని తామే చేసిపెట్టే మనుమలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆమె ఎక్కడ ఆగిందో గమనించి రాసుకునే పిల్లవాడు అరుదు. యూఎక్స్ డిజైనర్ ఉద్యోగంలో పెద్ద భాగం అదే. బొమ్మ గీయడం ఆ తరువాత వస్తుంది. 1990ల తొలినాళ్లలో యాపిల్ సంస్థలో పనిచేస్తూ ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ (యూఎక్స్) అన్న మాటను వాడుకలోకి తెచ్చిన డాన్ నార్మన్ చెప్పిన మూలసూత్రం కూడా ఇదే: తలుపును నెట్టాలో లాగాలో తెలియక మనిషి తికమకపడితే, తప్పు ఆ మనిషిది కాదు, తలుపు చేసినవారిది.

మీ వారికి మన భాషలోనే ఒక ఉదాహరణ చూపించండి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు సరిపడా గీసిన బటన్‌లో తెలుగు మాట పెడితే, కింద వచ్చే ఒత్తులు కత్తిరించినట్టు తెగిపోతాయి, పైనున్న ఏత్వాలు అంచుకు తగులుతాయి; ‘పే’ అన్న చిన్న మాట ఉన్న చోట ‘చెల్లించండి’ అని రాయవలసి రావడంతో అది సగంలోనే చుక్కలుగా మారుతుంది. ఇక ‘సమర్పించు’ అన్న బటన్ సంగతి సరేసరి. ఆ మాటను గుడిలో తప్ప మరెక్కడా వినని పెద్దావిడ దాన్ని నొక్కడానికి వెనుకాడితే ఆశ్చర్యమేముంది? అక్కడ ‘పంపండి’ అని ఉండాలా, ‘సరే’ అని ఉండాలా అన్నది ఆఫీసులో కూర్చుని తేల్చే విషయం కాదు, వాడేవారిని ఎదుట కూర్చోబెట్టి చూడాలి. అందుకు వందలమంది అవసరం లేదని, ఐదుగురితో పరీక్షించినా చాలా లోపాలు బయటపడతాయని ఈ రంగ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే వాదించారు. ఇందులో కొలతలూ ఉన్నాయి: వేలితో నొక్కే బటన్ దాదాపు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి, మామూలు పరిమాణంలో ఉన్న అక్షరానికీ, దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు నిర్దేశిస్తాయి. లెక్కలు చదివిన పిల్లవాడికి అవి పనికిరాకుండా పోవు.

అయితే మీ వారి భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీలలో ప్రోగ్రామర్లతో పోలిస్తే డిజైనర్ల కొలువులు తక్కువ, అనుభవం లేనివారికి మరీ తక్కువ. పైగా తెరలను గీసిపెట్టే పనిని ఇప్పుడు కృత్రిమ మేధ కూడా చేస్తోంది కాబట్టి, అంతమాత్రమే నేర్చుకున్నవారి పరిస్థితి ఇరకాటంలో పడింది. నా దగ్గరికి పోర్ట్‌ఫోలియో (తాము చేసిన పనుల నమూనాలు) పట్టుకుని వచ్చే పిల్లల్లో చాలామంది ఉన్న యాప్‌కే రంగులు మార్చి కొత్త డిజైన్ అంటారు. ఎవరి ఇబ్బంది తీర్చావని అడిగితే జవాబు ఉండదు. మూడు నెలల కోర్సులు ఎక్కువగా తయారుచేసేది ఇటువంటివారినే. అవి నేర్పే, తెరలు గీయడానికి వాడే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లోనే ఉచితంగా నేర్చుకోవచ్చు. కనుక ఆ డబ్బు ఇప్పుడు ఖర్చు పెట్టవద్దు.

చదువు విషయంలో రెండు దారులూ తెరిచి ఉంచమంటాను. బీడెస్ (డిజైన్‌లో డిగ్రీ) కోర్సు కోసం ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఆ కోర్సు ఉంది. యూసీడ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు కాబట్టి, ఊరికే చూసి వద్దామని ఒక అవకాశాన్ని పోగొట్టుకోకూడదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ప్రవేశ పరీక్ష వేరు. వీటితోపాటు ఎప్‌సెట్ కూడా రాయించండి. సీట్లు పరిమితమైన ఈ పరీక్షలనే నమ్ముకుని ఎప్‌సెట్ మానుకోవడం నాకు సమ్మతం కాదు. ఇంజినీరింగ్‌లో చేరినా ఈ దారి మూసుకుపోదు: డిగ్రీ తరువాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండెస్ (డిజైన్‌లో పీజీ) చేయవచ్చు, ఆ పరీక్షకు వయోపరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. కోడ్ అర్థం చేసుకోగల డిజైనర్ మాటకు ప్రోగ్రామర్లు విలువ ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను.

ఈలోగా ఒక ఆదివారం అబ్బాయితో ఈ పని చేయించండి. తాను రాసుకున్న తడబాట్లలో ఒక్కదాన్ని ఎంచుకుని, ఆ తెరను తనకు తోచినట్టు మార్చి తెల్లకాగితం మీద గీయమనండి. దాన్ని నాయనమ్మ ముందు పెట్టి ఎక్కడ నొక్కుతావని అడగాలి, ఆమె ఎంతసేపు ఆలోచించినా నోరు మెదపకూడదు. ఆమె మళ్లీ తప్పుచోట వేలు పెడితే అతనికి విసుగు వస్తుందా, మరో కాగితం తీస్తాడా అన్నది మీ వారిని పక్కనే కూర్చుని చూడమనండి. ఆ కాగితాలు ఎన్ని తయారైనా అన్నీ నాకు పంపండి, కోర్సు సంగతి వాటిని చూశాక మాట్లాడుకుందాం.