సైకాలజీ పేపరూ, మీ నాన్నగారి డబ్బూ

చెల్లీ, హన్మకొండ నుంచి అమెరికా వచ్చి నెల తిరగకుండానే సైకాలజీ పరిశోధన పత్రం గురించి బెంగ పెట్టుకున్నావు. ఆ బెంగ మామూలే. నన్ను కలవరపెట్టింది నువ్వు చివరలో అడిగిన మాట. పేజీకి ఇంత అని తీసుకుని రాసిపెట్టేవాళ్ళు ఉన్నారట, నమ్మవచ్చా అక్కా అన్నావు. నమ్మడం సంగతి అలా ఉంచు, ఆ డబ్బు ఎవరిది? మీ నాన్నగారు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మగా వచ్చింది చాలక, పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపారని నువ్వే రాశావు. వేరేవాళ్ళతో రాయించినట్టు బయటపడితే మార్కులు పోవడమే కాదు, కాలేజీ నుంచి పంపించేసే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు పేజీ ధరతో పాటు కోర్సు ఫీజూ నీళ్ళపాలే.

నేను ఈ కోర్సు చదివింది సైకాలజీ మీద ప్రేమతో కాదు. నర్సింగ్‌లో చేరాలంటే ముందు అది పూర్తిచేయాలన్నారు. ఆయన ఒక్కరి జీతం, టెక్సాస్‌లో అద్దె ఇల్లు. పాల డబ్బా కొన్నా రూపాయల్లో ఎంతో లెక్క వేసుకునేదాన్ని. అంత లెక్కల మనిషిని, ఒక్క వ్యాసం చదవడానికి 35 డాలర్లు కట్టాను. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో పేరు కనిపించింది, నొక్కాను, ప్రచురణ సంస్థ పేజీ తెరుచుకుంది. సారాంశం చూపించి, మిగతాది కావాలంటే ఇంత అంది. సినిమా టికెట్టులాగా ఇక్కడ ఇదీ కొనుక్కోవాలేమో అనుకుని కార్డు నంబరు ఇచ్చేశాను. తీరా చదివితే అది ఎలుకల మీద చేసిన ప్రయోగం, నా అంశానికి ఎందుకూ పనికిరాదు. ఆయన పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత లైబ్రరీలో ఒక పెద్దావిడ నా గోడు విని నవ్వింది. ఆ పత్రికకు కాలేజీ చందా కడుతోందట. లైబ్రరీ సైటులోంచి నా విద్యార్థి ఖాతాతో లోపలికి వెళ్ళి ఉంటే అదే వ్యాసం ఉచితం. కాబట్టి నువ్వు గూగుల్ నుంచి కాదు, లైబ్రరీ సైటు నుంచి మొదలుపెట్టు. అక్కడ సైకాలజీ వ్యాసాలు వెతికే సైక్‌ఇన్ఫో అనే డేటాబేస్ ఉందేమో చూడు. నిపుణులు పరిశీలించి ప్రచురించిన వ్యాసాలు మాత్రమే చూపించమని అడిగే వీలు కూడా ఉంటుంది. కావలసింది అక్కడ లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు. చాలాచోట్ల దానికీ పైసా తీసుకోరు, కొన్ని రోజులు పడుతుంది అంతే. అదీ కుదరకపోతే రాసిన ప్రొఫెసర్‌కే మర్యాదగా ఈమెయిల్ పెట్టు. తమ వ్యాసాన్ని ఒకరు అడిగారన్న సంతోషంతో పంపేవాళ్ళు ఎక్కువ.

పాఠ్యపుస్తకం కూడా కొత్తది కొనేయకు. మీ మాస్టారు ప్రత్యేకంగా ఒక పుస్తకమే కావాలని అనకపోతే, ఓపెన్‌స్టాక్స్ వాళ్ళ సైకాలజీ పుస్తకం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. రాసే పద్ధతికి ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) మాన్యువల్ 7వ కూర్పు కొనాలని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. వద్దు. నమూనా పేపర్లు ఏపీఏ సైటులోనే ఉచితంగా ఉన్నాయి. శీర్షిక పేజీ ఎలా ఉండాలో, ఎవరి మాట ఉటంకిస్తే వాళ్ళ ఇంటిపేరూ సంవత్సరమూ ఎలా వేయాలో అక్కడ చూసుకో. వాళ్ళ ఇంటిపేరు చివర ఉంటుందని మాత్రం మరచిపోకు, మనవాళ్ళు చాలామంది అక్కడ తడబడతారు.

ఇక అంశం. ‘జ్ఞాపకశక్తి’ అని రాసుకున్నావు. నేనూ అదే పెట్టుకున్నాను, ఇది పేపరా, గ్రంథాలయమా అని మా ప్రొఫెసర్ తిరగ్గొట్టింది. చిన్న ప్రశ్న కావాలి. హన్మకొండలో ఇంటర్ హాస్టల్లో ఉన్నావు కదా, రాత్రి స్టడీ అవర్లో అదే నోట్సు పదిసార్లు చదివించేవాళ్ళు కదా? అలా మళ్ళీ మళ్ళీ చదవడం మేలా, పుస్తకం మూసేసి గుర్తు చేసుకోవడం మేలా? రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో సరిగ్గా ఇదే పరీక్షించారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే గుర్తు చేసుకుంటూ రాసినవాళ్ళు సుమారు 56 శాతం చెప్పగలిగారు, మళ్ళీ చదివినవాళ్ళు 42 శాతమే. మన హాస్టల్ వార్డెన్లకు ఇది ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఈ ప్రయోగం పట్టుకుని, దాని తర్వాత వచ్చినవి మరో మూడు నాలుగు చదివితే నీ పేపరు నిలబడుతుంది.

ఇంకొకటి నీకు నచ్చవచ్చు. మేడారం జాతరకు వెళ్ళావుగా, ఆ జనంలో, ఆ దుమ్ములో రోజుల తరబడి ఉన్నవాళ్ళు నీరసించడానికి బదులు హుషారుగా ఇంటికి వస్తారెందుకు? ప్రయాగలో మాఘమేళాకు వెళ్ళి నెల రోజులు ఉండే కల్పవాసుల మీద భారత, బ్రిటన్ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2012లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చింది. మేళాకు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే వెళ్ళివచ్చినవాళ్ళు తమ ఆరోగ్యం, మనసు మెరుగయ్యాయని చెప్పారు. ఆ పత్రిక అందరికీ ఉచితం. మేడారం గురించి తెలిసినదానివి కాబట్టి నీ క్లాసులో ఎవరూ రాయలేనిది నువ్వు రాయగలవు. అయితే మేళాలో తేలినదే మేడారంలోనూ నిజమని తీర్పు ఇచ్చేయకు. అక్కడివాళ్ళు నెల ఉంటారు, మనవాళ్ళు కొన్ని రోజులే. ఆ తేడా చర్చించడమే నీ పేపరుకు బలం.

ఇక్కడి తెలుగువాళ్ళను నలుగురినీ ప్రశ్నలడిగి సర్వే చేస్తానంటే ముందు మాస్టారును అడుగు. మనుషుల మీద పరిశోధనకు కాలేజీలో అనుమతి మండలి ఉంటుంది. మొదటి కోర్సులో చాలావరకు ఇతరుల పరిశోధనలు చదివి బేరీజు వేయమనే అడుగుతారు.

రాయడంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. బడిలో పుస్తకంలోని వాక్యం పొల్లుపోకుండా దించితే భేష్ అనేవారు. ఇక్కడా అలాగే దించాను. కింద పుస్తకం పేరు ఇచ్చాను కూడా. ప్రొఫెసర్ గదికి పిలిచి, నా పేరాగ్రాఫులనూ పుస్తకం పేజీనీ పక్కపక్కన పెట్టింది. మొదటిసారి కాబట్టి తిరగరాయనిచ్చింది. కోర్సు పోయి ఉంటే ఫీజు మళ్ళీ కట్టాలి కదా, ఆ లెక్కతో రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి వ్యాసం చదివి, మూసేసి, తెలుగులో నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. దాన్ని చూసి ఇంగ్లీషులో రాసేదాన్ని. రెండు మెట్లు దిగేసరికి వాక్యం దానంతటదే నాదైపోయేది. చివరికి ఆ కోర్సులో ‘ఎ’ గ్రేడు తెచ్చుకున్నాను. మీ తరంవాళ్ళు ఫోనులో ఏఐకి చెబితే అదే రాసిపెడుతుంది కదా అంటారు. ఆ ఏఐ అసలు ఎక్కడా లేని వ్యాసాలకు కూడా రచయితల పేర్లు అల్లి ఇస్తుంది. మాస్టారు వెతికితే దొరకవు, అప్పుడు నీ దగ్గర జవాబు ఉండదు.

భయపడి కోర్సు మానేద్దామనీ అనుకోకు. డిగ్రీలో నీ వీసాకు సెమిస్టరుకు 12 క్రెడిట్లకు తగ్గకూడదు. వివరాలు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి తెలుసుకో. ఇంగ్లీషు మీద అనుమానం ఉంటే కాలేజీలో రైటింగ్ సెంటర్ ఉంటుంది. వాళ్ళు నీ బదులు దిద్దిపెట్టరు, ఎక్కడ అర్థం కావడం లేదో కూర్చోబెట్టి చెబుతారు. గడువుకు వారం ముందే సమయం తీసుకో, చివర్లో జాగా దొరకదు. అది కూడా ఉచితమే. చేతిలో రాతప్రతి ఉంటే మంచిది, కాని ప్రింటుకు చిల్లర తగలేయకు, తెర మీద చూపిస్తే చాలేమో ముందు అడుగు.