ప్రశ్నలు – జవాబులు: మంచు మీద తప్పటడుగులు

పిల్లల ఐస్ స్కేటింగ్ గురించి ఈ రెండు నెలల్లో వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. అమెరికాలో ఒక రింకులో, అంటే స్కేటింగ్ కోసం మంచు పరిచిన ఆవరణలో, వారాంతపు తరగతులలో చిన్నపిల్లలకు సహాయకురాలిగా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను కాబట్టి, పతకాల గురించి కన్నా మొదటి మెట్ల గురించే నేను నమ్మకంగా మాట్లాడగలను.

ప్రశ్న: మా అమ్మాయికి అయిదేళ్ళు. స్నోప్లౌ శామ్ తరగతిలో చేరి రెండు విడతలు పూర్తయ్యాయి. తనతో చేరిన పిల్లలు మూడో మెట్టుకు వెళ్ళిపోయారు, ఇది మాత్రం రెండో మెట్టులోనే ఉండిపోయింది. గుంటూరులో ఉన్న మా అత్తగారు వీడియో చూసి, "ఇంత డబ్బు కట్టి పిల్లకు పడడం నేర్పిస్తున్నారా?" అని అడిగారు. విడిగా ఒక కోచ్‌ను పెట్టించమంటారా?
— ఒక తల్లి, ప్లేనో, టెక్సస్

జవాబు: అమ్మా, మీ అత్తగారికి అవుననే చెప్పండి. మొదట నేర్పేది పడడమే, పడి లేవడమే. యూఎస్ ఫిగర్ స్కేటింగ్ సంస్థ ఆధ్వర్యంలో నడిచే 'లెర్న్ టు స్కేట్ యూఎస్ఏ' పాఠ్యక్రమంలో, ఆరేళ్ళు, అంతకు లోపు వయసున్న పిల్లల కోసం స్నోప్లౌ శామ్ అనే పేరుతో నాలుగు మెట్లున్నాయి. వాటిలో అన్నిటికంటే ముందు వచ్చే పాఠం, స్కేట్లు తొడుక్కుని ముందు మామూలు నేల మీద, ఆ తరువాత మంచు మీద కూర్చుని లేవడం. ఒళ్ళు తూలుతోందని తెలియగానే మోకాళ్ళు వంచి, ఒక పక్కకు ఒరిగి తుంటి మీద కూలబడాలి. తల వెనక్కి కొట్టుకోకుండా గడ్డాన్ని ఛాతీకి ఆనించుకోవాలి. పక్క పిల్లల బ్లేడు వేళ్ళ మీదుగా పోకుండా చేతులు గుప్పిళ్ళు బిగించి ఒళ్ళోకి తెచ్చుకోవాలి. లేచేటప్పుడు, దోగాడే బాలకృష్ణుడి బొమ్మలాగా ముందు మోకాళ్ళ మీదికి, చేతుల మీదికి వచ్చి, ఒక పాదాన్ని ముందుకు తెచ్చి నిలిపి, రెండు చేతులతోనూ ఆ మోకాలిని నొక్కుకుంటూ పైకి లేవాలి.

రాస్తే నాలుగు వాక్యాలే గాని, ఇది ఒంటికి పట్టడానికి కొందరు పిల్లలకు ఒక విడత అంతా పడుతుంది. మొన్న చలికాలంలో నాలుగేళ్ళ బాబు ఒకడు ఎవరి చెయ్యీ పట్టుకోనని పట్టుబట్టి ఆరుసార్లు లేవబోయాడు. ఆరుసార్లూ ముందుకు పెట్టిన పాదం జర్రున జారిపోయి మళ్ళీ కూలబడ్డాడు. ఏడో సారి వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పాదం వేళ్ళను కొద్దిగా బయటి వైపుకు తిప్పాను, అంతే. బ్లేడు లోపలి అంచు మంచులో దిగి పట్టు దొరికింది, వాడు లేచి నిలబడ్డాడు. బ్లేడుకు రెండు అంచులుంటాయని, వాటి నడుమ సన్నని గాడి ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు, వాడి పాదానికి తెలిసింది. స్కేటింగ్‌లో ఆ తరువాత నేర్చుకునేదంతా, పెద్దవాళ్ళు చేసే మూడు చుట్ల జంప్‌లతో సహా, ఈ అంచులను వాడుకోవడమే.

మీ పాప ఏ అంశం దగ్గర ఆగిందో మీరు రాయలేదు. రెండో మెట్టులో చాలామంది ఆగేది స్విజిల్ దగ్గర. మడమలు కలిపి, వేళ్ళు బయటికి తిప్పి, మోకాళ్ళు వంచితే పాదాలు వాటంతట అవే విడిపోతాయి. విడిపోయిన పాదాలను వేళ్ళు లోపలికి తిప్పి మళ్ళీ దగ్గరికి లాగాలి. మంచు మీద బాదం గింజ ఆకారంలో గీత పడుతుంది. విడిపోవడం సులువే, దగ్గరికి లాగడానికే తొడల లోపలి కండరాల్లో బలం కావాలి, ఆ బలం ఒక్కో బిడ్డకు ఒక్కో నెలలో వస్తుంది. పైగా రాకింగ్ హార్స్ అనే అంశంలో ఒక స్విజిల్ ముందుకు వేసి వెంటనే మరొకటి వెనక్కి వెయ్యాలి. ఇవి రాకుండా బిడ్డను మూడో మెట్టులోకి పంపితే, మడమలను బయటికి తోసి మంచును గీరుతూ ఆగే స్నోప్లౌ స్టాప్ రాదు. ఆగడం రాని బిడ్డ వేగానికి భయపడుతుంది, ఆ భయం వదిలించడానికి మూడు విడతలు చాలవు. అందుచేత మీ పాపను ఆపిన టీచరు మేలే చేశారని నా నమ్మకం.

విడిగా కోచ్ ఇప్పుడే అవసరం లేదు. ఎనిమిది మంది పిల్లలున్న అరగంట తరగతిలో ఒక్కొక్కరికి దొరికే శ్రద్ధ తక్కువన్నది నిజమే కాని, ఈ వయసులో కొరత పడేది టీచరు కన్నా మంచు మీద గడిపే సమయం. చాలా రింకులు తరగతి ఫీజుతో పాటు అభ్యాసానికి పబ్లిక్ సెషన్ (తరగతి కాకుండా ఎవరైనా వచ్చి స్కేటింగ్ చేసుకునే వేళ) టికెట్లు కూడా ఇస్తాయి, తల్లిదండ్రులు వాటిని వాడుకోకుండానే విడత ముగుస్తుంది. మీ రింకులో అడిగి చూడండి. రద్దీ లేని వేళ చూసుకుని వారానికి ఒకసారి నలభై నిమిషాలు తీసుకెళ్ళండి. ఆ నలభై నిమిషాల్లో పది నిమిషాలే స్విజిళ్ళు, మిగిలినదంతా ఆట. రింకు చుట్టూ ఉండే అద్దం వెనక నుంచి సైగలు చెయ్యవద్దు. పిల్ల మిమ్మల్ని చూడడానికి తల తిప్పినప్పుడల్లా తూకం తప్పుతుంది.

ఇంకొక్క మాట. మన ఇళ్ళలో చలి అనగానే పిల్లను మూటగట్టి పంపుతాము. లావు జాకెట్టుతో మోకాళ్ళు వంగవు, పొడవాటి స్కార్ఫు బ్లేడు కింద పడుతుంది. పలచని దుస్తులు రెండు మూడు పొరలుగా వేసి, చేతులకు గ్లోవ్స్ తొడిగి, జుట్టు గట్టిగా ముడివేస్తే చాలు.

ప్రశ్న: ఏడేళ్ళ మా అబ్బాయికి రింకులో అద్దెకు ఇచ్చే స్కేట్లలో కాలు అటూ ఇటూ వాలిపోతోంది. ఎదిగే పిల్లవాడని రెండు సైజులు పెద్దవి కొనాలనుకుంటున్నాను.
— ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: దయచేసి కొనవద్దు. బడికి వేసుకెళ్ళే బూట్లకు పనికొచ్చే లెక్క స్కేట్లకు పనికిరాదు. మడమ లోపల కదిలే బూటులో ఏ పిల్లవాడికీ అంచు నిలవదు, చీలమండ బెణికే ప్రమాదమూ ఉంటుంది. ఇప్పుడు కాలు వాలిపోవడానికి కారణం కూడా బహుశా అదే, కాబట్టి ముందు అద్దె స్కేట్లలోనే ఒక సైజు చిన్నవి తొడిగి చూడండి. నిలబడినప్పుడు వేళ్ళు బూటు కొసను తాకీ తాకనట్లుండాలి, మోకాళ్ళు వంచినప్పుడు కొంచెం వెనక్కి జరగాలి, మడమ మాత్రం కదలకూడదు. రెండు జతల ఉన్ని మేజోళ్ళు వెయ్యకండి, ఒక్క జత పలచనివి చాలు. లేసులు వేళ్ళ దగ్గర కాస్త వదులుగా, పాదం మీద, చీలమండ వంపులో బిగుతుగా, పై కొక్కేల దగ్గర ఒక వేలు దూరేంత వదులుగా కట్టండి. పైదాకా బిగించేస్తే మోకాలు ముందుకు వంగదు, మోకాలు వంగకపోతే స్కేటింగే లేదు.

రెండు విడతల తరువాత కూడా పిల్లవాడికి ఇష్టం నిలిచి ఉంటే, చీలమండను గట్టిగా పట్టి ఉంచే బిగినర్ స్థాయి బూటు కొనండి. బొమ్మల దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ జతలు వద్దు, కాలుకు సరిపోయే సెకండ్‌హ్యాండ్ జత వాటికన్నా ఎంతో నయం. బ్లేడుకు సానపట్టే మనిషికి ఫిగర్ స్కేట్ల అనుభవం ఉందో లేదో కనుక్కోండి. బ్లేడు ముందు రంపపు పళ్ళలా ఉండే టో పిక్‌ను అరగదీసిన జతలు నేను చూశాను. పిల్లవాడు ఆ పళ్ళు తగిలి పడుతున్నాడంటే తప్పు పళ్ళది కాదు, పరుగు తీసినట్టు వేళ్ళతో తోస్తున్నాడన్న మాట. పాదం పక్కకు తిప్పి, బ్లేడు పొడవునా మంచుకు ఆనించి తొయ్యడం నేర్పాలి. ఇంటికి రాగానే బ్లేడును పొడి గుడ్డతో తుడిచి, గుడ్డ తొడుగు వెయ్యండి. నడవడానికి వాడే ప్లాస్టిక్ గార్డు వేసి అలాగే వదిలేస్తే లోపలి తడికి తుప్పు పడుతుంది.

ప్రశ్న: మా రింకులో హెల్మెట్ లేనిదే పాపను మంచు మీదికి రానివ్వలేదు. సైకిలు హెల్మెట్ తీసుకెళ్ళినా ఒప్పుకోలేదు. ఇంత పట్టుదల అవసరమా?
— బ్రాంప్టన్, కెనడా

జవాబు: అవసరమే. కెనడా జాతీయ స్కేటింగ్ సంస్థ స్కేట్ కెనడా, కొత్తగా నేర్చుకునేవారికి నడిపే కాన్‌స్కేట్ కార్యక్రమంలో అయిదో దశ పూర్తయ్యేవరకు సీఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) గుర్తింపు ఉన్న హాకీ హెల్మెట్ తప్పనిసరి. సైకిలు హెల్మెట్ ఒకే పెద్ద దెబ్బను దృష్టిలో పెట్టుకుని చేసినది, మంచు మీద తల వెనక భాగానికి దెబ్బ తగిలేదే ఎక్కువ, అదీ పదేపదే. అమెరికాలో నియమం ఒక్కో రింకుకు ఒక్కో రకంగా ఉంటుంది. అడగకపోయినా పెట్టించమనే నేను చెబుతాను.

ప్రశ్న: పదకొండేళ్ళ మా అమ్మాయి హైదరాబాదులో అయిదేళ్ళుగా ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ చేస్తోంది. టీవీలో ఒలింపిక్స్ చూసినప్పటి నుంచి మంచు మీద చెయ్యాలంటోంది. ఈ వయసులో మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా?
— ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: ముందుగా, చక్రాల స్కేట్ల మీద జంప్‌లు, స్పిన్‌లు వేసే మీ అమ్మాయి విద్య చిన్నది కాదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనే రెండు కాంస్య పతకాలు తెచ్చారు, 2015 సంవత్సరానికి అర్జున పురస్కారం అందుకున్నారు. చక్రాల మీద నుంచి మంచు మీదికి వెళ్ళిన దారి కూడా కొత్తది కాదు. 1998 నగానో ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ళకే స్వర్ణం గెలిచిన తారా లిపిన్‌స్కీ మూడేళ్ళ వయసులో రోలర్ స్కేట్లతోనే మొదలుపెట్టింది. ఇక వయసు సంగతి. అమెరికా జాతీయ టైటిల్‌ను మూడుసార్లు గెలిచిన జానీ వియర్ పన్నెండేళ్ళ ప్రాంతంలో మంచు మీదికి వచ్చాడు. అంతర్జాతీయ సీనియర్ పోటీలకు కనీస వయసును 2024–25 సీజను నుంచి పదిహేడుకు పెంచారు, కాబట్టి చిన్నతనంలోనే పరుగులు పెట్టించవలసిన ఒత్తిడి కొంత తగ్గింది.

మోకాలి వంపు, చేతుల అదుపు, గాలిలో తిరిగే అలవాటు, యాక్సెల్, సాల్‌కావ్ వంటి జంప్‌ల మెళకువలు చాలావరకు వెంట వస్తాయి. కొత్తగా నేర్చుకోవలసింది బ్లేడు. నాలుగు చక్రాల స్కేటు నేల మీద స్థిరంగా కూర్చుంటుంది, బ్లేడు మాత్రం ముందు నుంచి వెనక్కి కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు మీద ఒంటి బరువు ఎక్కడ నిలపాలో కాలికి తెలియాలి. స్పిన్ వేసేటప్పుడు బరువు టో పిక్‌కు సరిగ్గా వెనక ఉన్న చోట నిలవాలి. అంత అనుభవమున్న పిల్లను మళ్ళీ మొదటి మెట్టులో కూర్చోబెట్టి లేవమంటే చిన్నబుచ్చుకోవచ్చు, ముందే నచ్చజెప్పండి. రెండు మూడు వారాల్లో ఆ మెట్లు దాటేస్తుంది.

అసలు కష్టం మంచు దొరకడం. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన హిమాద్రి రింకు ఏళ్ళ తరబడి మూతపడి ఉండి 2025లో మళ్ళీ తెరుచుకుంది. షిమ్లాలో 1920 నుంచి ఉన్న రింకు సహజంగా గడ్డకట్టే మంచుతో చలికాలంలో మాత్రమే నడుస్తుంది. గురుగ్రామ్‌లో ఒక మాల్ లోపల చిన్న రింకు ఉంది. వేళలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనేముందు ఫోను చేసి కనుక్కోండి. ఏటా సెలవుల్లో రెండు వారాలు వెళ్ళగలిగితే, మిగిలిన నెలల్లో ముందు కొసన టో స్టాపర్ అనే ఆపు ఉన్న ఇన్‌లైన్ ఫిగర్ ఫ్రేములతో (చక్రాలు ఒకే వరుసలో ఉండేవి) సాధన కొనసాగించవచ్చు, బ్లేడు వంపును పోలిన అమరిక వాటిలో ఉంటుంది. ఈ ఖర్చు, ఈ దూరం తలుచుకుని మీ అమ్మాయి రోలర్ స్కేటింగ్‌ను మాత్రం మానిపించకండి.

ప్రశ్న: వారంవారం పిల్లను దించి బెంచీ మీద కూర్చుంటున్నాను. నాకూ నేర్చుకోవాలని ఉంది. నలభై ఒకటో ఏట నవ్వుకుంటారేమో!
— ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: ఎవరూ నవ్వరు, తప్పక చేరండి. లెర్న్ టు స్కేట్ యూఎస్ఏలో పెద్దవారికి అడల్ట్ 1 నుంచి 6 వరకు విడిగా మెట్లున్నాయి, పెద్దవారి కోసమే జాతీయ స్థాయి పోటీలు 1995 నుంచి జరుగుతున్నాయి. ఎముకల బలహీనత, మోకాలి నొప్పి, తల తిరగడం వంటివి ఉంటే ముందు డాక్టరును అడగండి. మొదటి నెలల్లో మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు, హెల్మెట్ పెట్టుకోండి. పెద్దవాళ్ళు పడబోయినప్పుడు చేతులు చాచి నేలను పట్టుకోబోతారు, అందుకే మణికట్లు విరుగుతాయి. పైన పిల్లల కోసం చెప్పిన పడే పద్ధతిని ఇంట్లో పరుపు మీద ఇరవైసార్లు చేసి వెళ్ళండి.

ముగ్గు వేసే చెయ్యి ఉన్నవారికి ఈ విద్య త్వరగా ప్రీతి కలిగిస్తుందని నా అనుభవం. ఫిగర్ స్కేటింగ్ అనే పేరే మంచు మీద బ్లేడుతో గీసే ఆకారాల నుంచి వచ్చింది. ఆ గీతలకు అంతర్జాతీయ పోటీలలో 1990 వరకు మార్కులుండేవి. ఒంటికాలి మీద ముందుకు సాగుతూ వెనక్కి తిరిగే త్రీ టర్న్ అనే మలుపు మీకు వచ్చిన రోజున వెనక్కి తిరిగి చూడండి, మంచు మీద మీ పాదం గీసిన మూడంకె కనిపిస్తుంది. శనివారం ఉదయం పెద్దల తరగతి, పిల్లల తరగతి ఒకే వేళకు ఉన్న రింకులు కొన్ని ఉన్నాయి, మీ రింకు కౌంటరులో అడగండి.