మందారం మొగ్గలు రాలడం గురించి

అక్కా, ముద్దమందారం మొగ్గలు విచ్చుకోకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి అన్నారు కదా, ఎరువు తక్కువై కాకపోవచ్చు, ఒకసారి మొగ్గ తొడిమ దగ్గర చూడండి, తెల్లగా దూదిలా ఉంటే అది పిండినల్లి అనే రసం పీల్చే పురుగు, కాండం మీద చీమలు బారులు తీరుతుంటే ఇంక డౌటే లేదు. ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయండి, తర్వాత లీటరు నీళ్లలో 5 ఎం.ఎల్. వేపనూనె, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఆకుల అడుగు కూడా తడిసేలా కొట్టండి, వారానికోసారి, మూడు వారాలు. సాయంత్రమే కొట్టాలి, ఎండలో కొట్టి నేను ఓసారి ఆకులన్నీ మాడ్చుకున్నా. ఇంకోటి, మీ 8 ఇంచుల కుండీ దానికి చాలదు, మేడ మీద ఎండకి పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే ఆరిపోతాయి, అలా ఆరినా మొగ్గ రాలుద్ది. 14 ఇంచులదానికి మార్చండి, కానీ పురుగు పోయాకే.