అన్నయ్య పెట్టిన వీడియో నాకెందుకు నచ్చలేదు?

ప్రశ్న: చిన్నప్పుడు జరిగిన అగ్నిప్రమాదంలో నా ఎడమ చెంప, మెడ కాలిపోయాయి. ఇప్పుడు ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. ఇటీవల నేను ఆఫీసుకు తయారవుతుండగా అన్నయ్య నాకు చెప్పకుండా వీడియో తీసి, విషాద సంగీతం కలిపి, ‘నా చెల్లి ధైర్యం ముందు మన కష్టాలెంత’ అని రాసి పెట్టాడు. అందులో నేను ఒక్క మాటా మాట్లాడను. జడ వేసుకుంటుంటే కెమెరా నా చెంప మీదే ఆగిపోతుంది. వేలమంది చూశారు. తీసేయమంటే అన్నయ్య నొచ్చుకున్నాడు. ‘నలుగురూ మెచ్చుకుంటుంటే నీకేమిటి బాధ’ అంటోంది అమ్మ. నాది పొగరా?

జవాబు: పొగరు కానే కాదు. అడగకుండా తన ముఖాన్ని పదిమంది ముందు పెడితే ఎవరికైనా అభ్యంతరం ఉంటుంది, మచ్చలున్నాయని ఆ హక్కు తగ్గిపోదు. మీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఆ జడ వేసుకునే దృశ్యం. ఉద్యోగానికి వెళ్లే ఏ అమ్మాయైనా పొద్దున్నే చేసే పని సాహసంగా కనిపించాలంటే, ఇటువంటి ముఖంతో గడప దాటడమే గొప్ప అని చూసేవాళ్లు ముందే అనుకుని ఉండాలి. ఆ మెచ్చుకోలులో దాగిన తక్కువ అంచనాయే మిమ్మల్ని గుచ్చుతోందని నాకనిపిస్తోంది. మీరు లెక్కలు ఎంత బాగా చూస్తారో ఆ వేలమందిలో ఒక్కరికీ తెలియదు.

ఆస్ట్రేలియాకు చెందిన పాత్రికేయురాలు, హాస్య కళాకారిణి స్టెల్లా యంగ్ చక్రాల కుర్చీలో తిరిగేవారు. ఆమెకు 15 ఏళ్లున్నప్పుడు ఊళ్లో ఒకరు వచ్చి, అమ్మాయి పేరును ఒక పురస్కారానికి సూచిస్తామన్నారట. బాగానే ఉంది కానీ మా అమ్మాయి ప్రత్యేకంగా సాధించిందేమీ లేదు కదా అన్నారు తల్లిదండ్రులు. వాళ్లు బిడ్డను చిన్నబుచ్చలేదు, తోటి పిల్లలతో సమానంగా చూశారు. ఇటువంటి స్ఫూర్తి చిత్రాలు చూసేవాళ్లకు ‘నా బతుకు ఇంతకంటే నయం’ అనే ఊరటనిస్తాయని ఆమె 2014లో ఒక ప్రసంగంలో వివరించారు. మీ అన్నయ్య రాసిన వాక్యం చేసిన పనీ అదే.

జాలితో వచ్చే చిక్కు ఏమిటంటే, అది చూపినవారి మనసును తేలికపరచి అక్కడితో ఆగిపోతుంది. వీడియో కింద కన్నీళ్ల బొమ్మలు పెట్టినవారే రేపు ఇంటర్వ్యూ గదిలో మీకు ఎదురైతే చూపు తిప్పుకోవచ్చు, పెళ్లి మాట వస్తే వెనక్కి తగ్గవచ్చు. 1990లో లండన్‌లో వికలాంగులు టెలివిజన్ విరాళాల కార్యక్రమం ఎదుట నిరసనకు దిగి, జాలి వద్దు, హక్కులు కావాలన్నది ఇందుకే. సినిమాల్లోనేమో కాలిన ముఖం చాలాకాలంగా దుర్మార్గుడికి గుర్తు. అటువంటి ప్రతినాయకులున్న చిత్రాలకు ఇకపై నిధులివ్వబోమని 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించింది. పాపం అనిపించడానికో, భయపెట్టడానికో తప్ప మామూలు మనిషిగా ఆ ముఖం తెరమీద కనిపించడం ఇప్పటికీ అరుదే.

ఇక అన్నయ్య సంగతి. ఆయన ప్రేమను నేను శంకించడం లేదు, మీరూ శంకించవద్దు. అమ్మ లేని సమయం చూసి, ‘నా మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు అన్నయ్యా, కానీ ఆ వీడియోలో నేను లేను, నా మచ్చ ఒక్కటే ఉంది, దయచేసి తీసెయ్యి’ అని నేరుగా అడగండి. అప్పటికే చాలామంది చూశారని ఆయన అనవచ్చు. ఇకముందు చూసేవాళ్లైనా తగ్గుతారు కాబట్టి తీసేయడం వృథా కాదు. ఒప్పుకోకపోతే, మీ అనుమతి లేకుండా పెట్టారని ఆ వేదికకే ఫిర్యాదు చేయవచ్చు, కానీ ఆ సంగతి ముందుగా ఆయనకు చెప్పి చేయండి. అమ్మతో వాదన వద్దు. ఇన్నేళ్లుగా మిమ్మల్ని చూసి నలుగురూ అయ్యో అంటుంటే విన్న తల్లికి ఈ మెచ్చుకోలు ఎంత ఊరటనిచ్చిందో ఊహించగలను, ఆమెకు కొంత సమయం పడుతుంది. మీ గురించి మీరే ఎప్పుడైనా చెప్పదలచుకుంటే నిస్సంకోచంగా చెప్పండి, అయితే ఏం చెప్పాలో, కెమెరా ఎక్కడ ఆగాలో మీరే నిర్ణయించండి.