కర్ర ఊపే చేతిలో ఏముంది?

ప్రశ్న: వియన్నా కొత్త సంవత్సరపు కచేరీ చూస్తూ మా అబ్బాయి, ఏ వాద్యమూ వాయించకుండా కర్ర ఊపే ఆయనకే అన్ని చప్పట్లు ఎందుకని అడిగాడు. మన దేశంలో పుట్టిన జుబిన్ మెహతా గొప్పతనం కూడా చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మన కోనసీమ పెళ్లిపందిట్లో మాంగల్యధారణ వేళ పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అనగానే, అంతవరకు మెల్లగా సాగుతున్న సన్నాయీ డోలూ ఒక్కసారిగా ఉప్పొంగడం మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. వందమంది దాకా ఉండే ఆర్కెస్ట్రాకు కండక్టరు అటువంటి సంజ్ఞలను కచేరీ పొడవునా ఇస్తూనే ఉంటాడు. కుడిచేతి కర్ర తాళం చూపిస్తే, ఏ వాద్యం పెరగాలో ఏది తగ్గాలో ఎడమచెయ్యి చెబుతుంది. కర్ర పైకి లేచే తీరులోనే రాబోయే స్వరం వేగమూ బరువూ వాద్యకారులకు అందుతాయి. అసలు శ్రమంతా అంతకుముందు రిహార్సళ్లలోనే జరుగుతుంది.

మెహతా 1936లో బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మెహలీ మెహతా వయొలిన్ విద్వాంసులు, బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకులు. జుబిన్ 1954లో వియన్నా చేరి హాన్స్ స్వరోవ్‌స్కీ వద్ద శిష్యరికం చేసి, 1958లో లివర్‌పూల్‌లో జరిగిన కండక్టర్ల పోటీలో గెలిచారు. 1962 నుంచి 1978 వరకు లాస్ ఏంజెలెస్, తరువాత 13 ఏళ్లు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలు ఆయన సారథ్యంలో నడిచాయి. ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌కు 1977లో సంగీత దర్శకులై 2019 దాకా కొనసాగారు. ఒక్కొక్క బృందంతో ఇన్నేళ్లు నిలిచి దాని నాదాన్ని తీర్చిదిద్దడమే ఆయన అసలు వారసత్వమని నా అభిప్రాయం; పద్మవిభూషణ్ వంటి గౌరవాలు ఆ తరువాతి మాట.

1981లో రవిశంకర్ తన రెండో సితార్ కన్సర్టోను, అంటే ఆర్కెస్ట్రా తోడుగా సితార్ ప్రధానంగా సాగే రచనను, న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో తొలిసారి వినిపించినప్పుడు కర్ర పట్టింది మెహతాయే. ఇంకొక సంఘటన తలచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. 1994లో, బోస్నియా యుద్ధంలో ఆ దేశ రాజధాని సరయెవో నగరం ఇంకా ముట్టడిలో ఉండగానే, తగలబడిపోయిన జాతీయ గ్రంథాలయపు మొండిగోడల మధ్య నిలబడి, ఆ ఊరి వాద్యకారులతో, బృందగాయకులతో మోట్సార్ట్ ‘రిక్వియమ్’ను, అంటే మృతుల ఆత్మశాంతి కోసం పాడే ప్రార్థనాగీతాన్ని, ఆయన నడిపించారు.

వియన్నా కచేరీకి మెహతా 5 సార్లు సారథ్యం వహించారు. దాని చివర రాడెట్‌స్కీ మార్చ్ అనే కవాతు బాణీ వాయించేటప్పుడు కండక్టరు ప్రేక్షకుల వైపు తిరిగి, వారి చప్పట్లను కూడా చేతితోనే పెంచుతూ తగ్గిస్తూ నడిపిస్తాడు. ఈసారి మీ అబ్బాయిని టీవీ ముందు కూర్చోబెట్టి, ఆ చేతినే చూస్తూ చప్పట్లు కొట్టమనండి.